కెడిల్‌స్టన్ హాల్: కర్జన్ బిరుదు పోయింది, ఇల్లు మిగిలింది

ఇంగ్లండ్‌లో పాత ప్రభువుల ఇళ్లకు లెక్కలేదు. వాటిలో మనవాళ్లు తీరిగ్గా చూడాల్సింది ఏదని అడిగితే నేను డర్బీ దగ్గరున్న కెడిల్‌స్టన్ హాల్ పేరే చెబుతాను. 1905లో బెంగాల్‌ను విభజించిన వైస్రాయ్ లార్డ్ కర్జన్ పుట్టిన ఇల్లు ఇది. ఆ విభజన మీద రేగిన వందేమాతరం ఉద్యమమే 1907లో బిపిన్ చంద్ర పాల్‌ను రాజమండ్రి దాకా రప్పించింది. 1902లో నిజాం మహబూబ్ అలీ ఖాన్ చేత బీరార్‌ను ఏడాదికి 25 లక్షల రూపాయలకు శాశ్వత కౌలుకు ఇప్పించుకున్నదీ ఈ కర్జనే. అంత అధికారం చలాయించిన మనిషికి 1921లో, ప్రభువుల హోదాల్లో డ్యూక్ తర్వాతిదైన మార్క్విస్ బిరుదు వచ్చింది. నాలుగేళ్లకు, 1925 మార్చిలో, ఆయనతోపాటే అది పోయింది.

లండన్ సెయింట్ పాంక్రాస్ నుంచి డర్బీకి రైల్లో సుమారు గంటన్నర. స్టేషన్ నుంచి ఇల్లు పెద్ద దూరమేం కాదు కానీ బస్సును నమ్ముకోవద్దు. టాక్సీ అయితే రానూపోనూ ముందే మాట్లాడుకోండి. మమ్మల్ని దింపిన డ్రైవర్ సాయంత్రం ఫోన్ ఎత్తలేదు. పార్కు మూసే టైం దగ్గరపడుతుంటే పెద్దవాళ్లను వెంటబెట్టుకుని బాగా టెన్షన్ పడ్డాం. బస మాత్రం డర్బీలోనే మేలు. స్టేషన్ దగ్గర మేం దిగిన హోటల్లో గది ఇరుకు, పరుపు బాగుంది, పొద్దున టిఫిన్ పర్వాలేదు. రాత్రి భోజనానికి నార్మన్టన్ రోడ్డు వైపు వెళ్తే మన రుచులకు దగ్గరగా ఉండే హోటళ్లు దొరుకుతాయి. ఇల్లు పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ చేతిలో ఉంది కాబట్టి సభ్యత్వం ఉన్నవాళ్లకు టికెట్ అక్కర్లేదు. లోపలి గదులు ఏడాది పొడుగునా ఒకే వేళల్లో తెరవరు, బయలుదేరే ముందు చూసుకోండి.

ఈ ఇంటిని 1759 ప్రాంతంలో సర్ నథానియల్ కర్జన్ మొదలుపెట్టాడు, తర్వాత వాస్తుశిల్పి రాబర్ట్ ఆడమ్ చేతిలో దీనికి ఈ రూపం వచ్చింది. మార్బుల్ హాల్‌లో 25 అడుగుల అలబాస్టర్ స్తంభాలు 20 ఉన్నాయి. దాని వెనక సెలూన్ అనే గుండ్రటి పెద్ద గది, పైన గుమ్మటం. కలకత్తా రాజ్‌భవన్ చూసినవాళ్లకు బయటి నుంచి ఈ ఇల్లు ఎక్కడో చూసినట్టే ఉంటుంది. గవర్నర్ జనరల్ వెల్లెస్లీ కాలంలో దాన్ని కట్టింది ఈ నమూనా మీదే. ఆ వెల్లెస్లీ కూడా మార్క్విసే. వారసుడు కాగల కొడుకు లేక ఆయన బిరుదూ 1842లో ఆగిపోయింది.

కర్జన్ మన దేశం నుంచి తెచ్చుకున్న వస్తువులు కింది అంతస్తులో ఈస్టర్న్ మ్యూజియం పేరుతో ఉన్నాయి. ఆయన భార్య మేరీ 1903 ఢిల్లీ దర్బారు వేడుకల్లో కట్టుకున్న నెమలి గౌను దగ్గర మా అమ్మ కదలనంది. ఢిల్లీలో మన పనివాళ్లు జరీతో ఈక మీద ఈక పడేలా కుట్టారు. ప్రతి కన్ను మధ్యా మెరిసే పచ్చటి ముక్క రాయి కాదు, పురుగు రెక్క. కుట్టిన బట్టను పారిస్ పంపి గౌనుగా తయారు చేయించారు. పారిస్ దుకాణం పేరు లోకమంతా తెలుసు, సూది పట్టిన వాళ్లలో ఒక్కరి పేరూ మనకు తెలియదు. నాకు అది బాధగానే ఉంది.

"ముగ్గురు కూతుళ్లున్నారుగా, బిరుదు వాళ్లకెందుకు పోలేదు?" అంది అమ్మ. బిరుదు ఇచ్చేటప్పుడు రాజు ఇచ్చే పత్రంలో ఏం రాస్తే అదే వారసత్వం. మార్క్విస్ పత్రంలో కొడుకుల వరసే ఉంది. 1911లోనే కర్జన్‌కు ఒకేసారి మూడు బిరుదులు వచ్చాయి, మూడింటికీ మూడు దారులు. ఎర్ల్ బిరుదు కొడుక్కే దక్కాలి, కాబట్టి అదీ పోయింది. వైకౌంట్ స్కార్స్‌డేల్ తండ్రి వంశంలోని మగవాళ్లకు చెందుతుంది, కాబట్టి తమ్ముడి కొడుక్కి వెళ్లింది, ఇల్లూ అటే. బారన్ రావెన్స్‌డేల్ మాత్రం కూతుళ్లకు రాయించాడు, అది పెద్దమ్మాయి ఐరీన్‌కు దక్కింది. దక్కినా, ఆడది కాబట్టి ఆ బిరుదుతో ప్రభువుల సభలో కూర్చోనివ్వలేదు. 1958లో జీవితకాలపు బిరుదు ఇచ్చాకే అడుగుపెట్టింది. ఆ ఏడాది అలా సభకు వచ్చిన తొలి నలుగురు మహిళల్లో ఆమె ఒకరు.

"దత్తత చేసుకోవచ్చుగా?" అన్నది నాన్న ప్రశ్న. మన జమీందార్లకు, సంస్థానాలకు ఉన్న ఆ దారి అక్కడ లేదు. దత్తు బిడ్డకు అక్కడి బిరుదు రాదు. మేరీ పోయాక, 1917లో కర్జన్ రెండో పెళ్లి చేసుకున్నాడు. ఆ పెళ్లిలోనూ కొడుకు పుట్టలేదు.

ఇల్లు చూసి అలసిపోయి చాలామంది టీ తాగి వెళ్లిపోతున్నారు. పక్కనే ఉన్న ఆల్ సెయింట్స్ చర్చి చూడకుండా మాత్రం రాకండి. పార్కు కోసం ఊరినే అవతలికి జరిపేశారు, చర్చి ఒక్కటే ఇక్కడ ఉండిపోయింది. లోపల తరతరాల కర్జన్‌ల సమాధులున్నాయి. 1906లో, 36 ఏళ్లకే పోయిన మేరీ కోసం కట్టించిన చాపెల్‌లో ఆమె పాలరాతి బొమ్మ పడుకుని ఉంటుంది, పక్కనే ఆయనది. ఈ కుటుంబం కథకు ఇంట్లోని బంగారు పూతల కన్నా ఈ చిన్న గదే దగ్గర. చర్చి నేషనల్ ట్రస్ట్‌ది కాదు, దాన్ని చూసుకునేది చర్చెస్ కన్జర్వేషన్ ట్రస్ట్. అందుకే దాని వేళలు విడిగా కనుక్కోండి.

ఇల్లు కూడా వారసులకు మోయలేని బరువైంది. 1987లో నేషనల్ ట్రస్ట్‌కు అప్పగించారు, కుటుంబానికి నివాసం ఒక భాగంలో ఉంచారు.

ఇంకో రోజు ఉంటే కర్జన్ నేషనల్ ట్రస్ట్‌కు రాసిచ్చిన రెండు కోటలున్నాయి. ససెక్స్‌లోని బోడియమ్ చుట్టూ నీళ్ల కందకం, పిల్లలకు బాగా నచ్చుతుంది, ఫొటోలకూ అదే. నా ఓటు మాత్రం లింకన్‌షైర్‌లోని టాటర్‌షాల్‌కే. ఊడబెరికి అమ్మేసిన దాని పాత రాతి పొయ్యిలను కర్జన్ వెతికి వెనక్కి తెప్పించి, మళ్లీ గోడల్లో పెట్టించాడు. మన దేశంలో 1904 నాటి పురాతన కట్టడాల రక్షణ చట్టం తెచ్చింది కూడా ఆయనే. బెంగాల్ విషయంలో ఆయన్ని క్షమించలేను, ఈ పనికి మాత్రం మెచ్చుకోకుండా ఉండలేను. టాటర్‌షాల్‌లో మెట్లు చుట్టలు తిరుగుతూ చాలా పైకి వెళ్తాయి, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను తీసుకెళ్లకండి. కెడిల్‌స్టన్‌లో ఆ బాధ చాలావరకు లేదు, అమ్మానాన్నలతో అయితే అదొక్కటి చూసుకుని వచ్చేయడమే మంచిది.