కౌంటర్ ఆఫరా, కొత్త ఆఫరా: ఏది మేలు?

పేపర్ పెట్టిన (అంటే రాజీనామా ఇచ్చిన) మూడో రోజో నాలుగో రోజో మేనేజర్ ఫోన్ చేసి "ఓ పది నిమిషాలు మాట్లాడదామా" అంటాడు. రెండేళ్ళుగా లేదన్న బడ్జెట్ ఆ పది నిమిషాల్లో ఎక్కడినుంచి ఊడిపడుతుందో ఆ దేవుడికే తెలియాలి. చేతిలో కొత్త కంపెనీ లెటర్, ఎదురుగా 'వెళ్ళొద్దు, జీతం పెంచుతాం' అనే పాతవాళ్ళ కౌంటర్ ఆఫర్, మధ్యలో 90 రోజుల నోటీసు.

ముందు డబ్బు సంగతి చూద్దాం. కొత్తవాళ్ళు 24 లక్షలన్నారు, పాతవాళ్ళు దిగొచ్చి 21 ఇస్తామన్నారు అనుకోండి. 24 పెద్దదే, కానీ లెటర్ రెండో పేజీ తిప్పితే అందులో 3 లక్షలు వేరియబుల్, 2 లక్షలు జాయినింగ్ బోనస్. బోనస్ మొదటి ఏడాదితో సరి, పైగా ఏడాదిలోపు మానేస్తే తిరిగి కట్టమంటారు. వేరియబుల్ ఎంతొస్తుందన్నది కంపెనీ లాభాలని బట్టి, మన రేటింగ్‌ని బట్టి. అవి పోగా మిగిలింది 19. పాతవాళ్ళ 21 మొత్తం ఫిక్స్‌డ్ అయితే నెలనెలా అకౌంట్లో పడేది అక్కడే ఎక్కువ. (చాలాచోట్ల కంపెనీ వాటా పీఎఫ్, బేసిక్‌లో 4.81 శాతం గ్రాట్యుటీ కూడా సీటీసీలోనే (కంపెనీ మన మీద ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చులోనే) కలిపేస్తారు. రెండు లెటర్లలోనూ అవి తీసేసి పోల్చుకోండి.)

గ్రాట్యుటీ అంటే గుర్తొచ్చింది, అదే, ఏళ్ళ తరబడి పనిచేసి మానేసేటప్పుడు కంపెనీ ఇచ్చే డబ్బు. పర్మనెంట్ ఉద్యోగికి 5 ఏళ్ళు నిండాలి. బేసిక్ 40,000 అయితే దాన్ని 26తో భాగించి, 15తోనూ 5తోనూ గుణిస్తే 1,15,000 పైమాటే. 4 ఏళ్ళ 8 నెలల దగ్గరున్నవాళ్ళు దీనికోసం కౌంటర్ ఆఫర్‌కి లొంగనక్కర్లేదు. నోటీసు కాలం కూడా సర్వీసే కాబట్టి, ఇంకో నెల జాయినింగ్ జరపమని కొత్తవాళ్ళని అడిగి చూడండి, లాస్ట్ వర్కింగ్ డే 5 ఏళ్ళు దాటితే చాలు.

నేనొకసారి ఆగిపోయాను. జనవరిలో జీతం బాగానే పెంచారు, ఇంట్లో స్వీట్లు కూడా పంచాను. ఏప్రిల్ అప్రైజల్లో సున్నా: "నీకు జనవరిలోనే ఇచ్చాం కదా!" అది కూడా పర్వాలేదు, అసలు నేను పేపర్ పెట్టింది రాత్రి రెండింటికి మోగే సపోర్ట్ కాల్స్ భరించలేక, ఆ ఫోన్ మాత్రం మోగుతూనే ఉంది. ఎనిమిది నెలలకి మళ్ళీ పేపర్ పెట్టాను. ఈసారి పది నిమిషాలు మాట్లాడదామని ఎవరూ అనలేదు.

కాబట్టి నా లెక్క ఇది. టీమ్ బాగుంది, పని నచ్చింది, జీతం ఒక్కటే తక్కువ అనిపిస్తే ఆగిపోవడంలో తప్పేం లేదు, కాకపోతే రివైజ్డ్ లెటర్ చేతికొచ్చాకే రాజీనామా వెనక్కి తీసుకోండి. "వచ్చే సైకిల్లో ప్రమోషన్ చూద్దాంలే" అన్నమాటకి విలువ కట్టకండి, ఆ మేనేజరే అప్పటికి ఉండకపోవచ్చు. రిటెన్షన్ బోనస్ (ఇన్నాళ్ళు ఉండాలనే షరతు మీద ఇచ్చేది) ఇస్తామంటే దాన్ని ఫిక్స్‌డ్‌లో కలపమనండి, ఏడాది లాక్ ఎందుకు మనకి? గొడవ పనితోనో, మేనేజర్‌తోనో అయితే మాత్రం ఆ 19కే వెళ్ళిపోండి.

ఒకవేళ ఆగాలనుకుంటే కొత్త కంపెనీ హెచ్‌ఆర్‌కి ఇవాళే ఫోన్ చేసి చెప్పేయండి. జాయినింగ్ రోజు పొద్దున ఫోన్ స్విచాఫ్ చేసుకునేవాళ్ళున్నారు. ఆ హెచ్‌ఆరే రెండేళ్ళ తర్వాత ఇంకో కంపెనీలో మీ రెజ్యూమే తెరిచే అవకాశం బోలెడంత.