పన్నెండేళ్ళుగా నా పియానో మీద ఉన్న బాఖ్ పుస్తకం

జర్మన్ స్వరకర్త యోహాన్ సెబాస్టియన్ బాఖ్ 1722లో శుద్ధప్రతి రాసి పెట్టుకున్న ‘వెల్ టెంపర్డ్ క్లావియర్’ (మెట్ల వాద్యం కోసం రాసిన రచనల పుస్తకం) మొదటి భాగాన్ని నేను 2013 నుంచి, మధ్యలో ఒక ఏడాది మానేయడం తప్ప, దాదాపు రోజూ వాడుతున్నాను. వినడం అనకుండా వాడడం అని కావాలనే అంటున్నాను. ఇది కచేరీ కోసం పుట్టిన పుస్తకం కాదు. నేర్చుకోవాలనుకునే చిన్నవాళ్ళ ప్రయోజనం కోసమనీ, ఇప్పటికే విద్య వచ్చినవాళ్ళ కాలక్షేపం కోసమనీ బాఖ్ స్వయంగా ముఖపత్రం మీద రాసుకున్నాడు. నలభై దాటాక 88 మెట్ల డిజిటల్ పియానో కొన్న నేను ఈ రెండు వర్గాల్లో దేనికీ చెందను కాబట్టి, నాలాంటి మూడో వర్గానికి ఇది ఎంతవరకు పనికివస్తుందో చెప్పడమే ఈ సమీక్ష ఉద్దేశం.

పుస్తకంలో 24 జంటలు ఉంటాయి: పన్నెండు స్వరస్థానాలలో ఒక్కొక్కదానిని ఆధారంగా చేసుకుని ఒక మేజర్ స్కేలు, ఒక మైనర్ స్కేలు, ప్రతి జంటలో ముందు ఒక ప్రెల్యూడ్, వెనుక ఒక ఫ్యూగ్. ప్రెల్యూడ్‌కు నియమం తక్కువ. ఫ్యూగ్‌లో మాత్రం ఒక చిన్న మూలవాక్యాన్ని ముందు ఒక గొంతు (పాడే గొంతు కాదు, విడిగా నడిచే ఒక స్వరవరుస) ఒంటరిగా పలుకుతుంది, తరువాత రెండో గొంతు దానినే పంచమం నుంచి అందుకుంటుంది, అప్పటికి మొదటి గొంతు వేరే మాటలో పడి ఉంటుంది. ఇలా మూడు, నాలుగు, రెండు చోట్ల అయితే ఏకంగా ఐదు గొంతులు పది వేళ్ళలో ఇమడాలి.

మొదటి తప్పు నాదే. అందరికీ తెలిసిన సి మేజర్ (సి అనే స్వరం ఆధారంగా ఉన్న మేజర్) ప్రెల్యూడ్ రెండు నెలల్లో చేతికి వచ్చేసింది. ఆ ధైర్యంతో పేజీ తిప్పి దాని ఫ్యూగ్ మీద పడ్డాను. 27 కొలతల (తాళం ప్రకారం విడదీసిన చిన్న భాగాల) ఆ చిన్న రచనలో మూలవాక్యం 24 సార్లు వస్తుంది. ఒకరు ముగించకముందే మరొకరు అందుకుంటారు. ఏడు నెలలు కష్టపడి ఎనిమిది కొలతల దగ్గర ఆగిపోయాను. పుస్తకంలో ముందున్నంత మాత్రాన అది సులువైనది కాదనీ, వరుస స్వరస్థానాల ప్రకారమే తప్ప కష్టాన్ని బట్టి కాదనీ నాకు ఎవరూ చెప్పలేదు. ఇరవయ్యో శతాబ్దం తొలి రోజుల్లో హంగరీ స్వరకర్త బార్టోక్ ఈ రచనలను సులువు నుంచి కష్టానికి వరుస మార్చి అచ్చువేయించాడంటే, ఆ ఇబ్బంది నాకొక్కడికే కాదన్నమాట. ఇప్పుడు ఎవరైనా అడిగితే ముందు బాఖ్ రాసిన రెండు గొంతుల ఇన్వెన్షన్లు (చిన్న అభ్యాస రచనలు) పదిహేనింటిలో కనీసం నాలుగైదు పూర్తి చేసి రమ్మంటాను. సరళీ స్వరాలు లేకుండా వర్ణం మొదలుపెట్టడం ఎలాంటిదో, ఇన్వెన్షన్లు లేకుండా ఈ పుస్తకం తెరవడం అలాంటిది. ఫ్యూగ్‌లలో మొదటిది ఇ మైనర్‌లోదై ఉండాలి. మొత్తం భాగంలో రెండే గొంతులున్న ఫ్యూగ్ అదొక్కటే.

రెండో తప్పు ప్రచురణకర్తది. నేను మొదట కొన్న చవక ప్రతిలో సి మేజర్ ప్రెల్యూడ్‌కు 36 కొలతలు ఉన్నాయి. బాఖ్ రాసినవి 35. ష్వెంకె అనే సంగీతకారుడి ప్రతిలో ఇరవై రెండో కొలత తరువాత ఒక కొలత అదనంగా చేరింది. ఆ తరువాత ఎన్నో అచ్చు ప్రతులు దానిని మోసుకొచ్చాయి. ఫ్రెంచ్ స్వరకర్త గునో ఈ ప్రెల్యూడ్ మీద ‘ఆవే మరియా’ పాట అల్లినప్పుడూ అది అందులోనే ఉంది. ఆ కొలత చెవికి ఇంపుగానే ఉంటుంది, చిక్కంతా అక్కడే ఉంది. రెండు స్వరాల మధ్య బాఖ్ కావాలని వదిలిన గతుకును అది పూడ్చి చదును చేస్తుంది. మూడేళ్ళు వాయించిన వేళ్ళు ఆ అదనపు కొలతను మరిచిపోవడానికి మరో ఆరు నెలలు పట్టింది. అదే ప్రతిలో ప్రతి పేజీ నిండా మెల్లగా, బిగ్గరగా, వేగంగా అన్న సూచనలు ఉండేవి. ఈ భాగంలో బాఖ్ స్వయంగా వేగం సూచించిన చోట్లు చాలా కొద్ది. కాబట్టి కొనేటప్పుడు మూలప్రతిని అనుసరించిన ప్రతినే కొనండి. ధర ఎక్కువే, అయినా ఒక్కసారే కొంటాం.

ఇక నాకు అన్నిటికన్నా ఎక్కువ కాలం పట్టిన విషయం వేళ్ళది కాదు, చెవిది. చిన్నప్పుడు ఆరేళ్ళు కర్ణాటక వయొలిన్ నేర్చుకున్నాను. తంబురా శ్రుతికి అలవాటుపడిన చెవికి షడ్జం అంటే ఇంటి గడప. మేజర్ వినగానే శంకరాభరణం అనుకుంటాం, మైనర్‌లో కీరవాణి, నఠభైరవి ఛాయలు పట్టుకుంటాం, అంతవరకు పరవాలేదు. అయితే బాఖ్ పది కొలతలు గడిచేసరికి ఆ గడపనే పంచమానికో మరెక్కడికో మార్చేస్తాడు. గ్రహభేదం చేసి, అంటే షడ్జాన్ని మరో స్వరానికి మార్చి, చూపే విద్వాంసుడు కూడా తంబురాను అలాగే ఉంచి వెనక్కి వస్తాడు; ఇక్కడ తంబురాయే లేచి నడుస్తుంది. మొదటి రెండేళ్ళు నాకు ఈ సంగీతం దారి తప్పినట్టే వినిపించింది. సి మైనర్ ప్రెల్యూడ్ మీద కూర్చున్న మూడో ఏట ఒక సాయంత్రం, ఎడమచేతి అట్టడుగు స్వరాన్ని మాత్రమే వింటూ వాయించినప్పుడు, ఇల్లు ఎప్పుడు మారుతోందో ముందుగానే తెలియడం మొదలైంది. బి మైనర్ ఫ్యూగ్ మూలవాక్యంలోనే పన్నెండు స్వరస్థానాలూ వచ్చేస్తాయి. దానిని ఏ మేళకర్త రాగంలోనూ కట్టివేయలేమని ఒప్పుకున్నాకే నాకు అది నచ్చింది.

పేరులో ఉన్న ‘వెల్ టెంపర్డ్’, అంటే ‘చక్కగా శ్రుతి చేసిన’, అన్న మాటను పన్నెండు స్వరాల మధ్య ఎడాలన్నీ సమానం చేయడమని చాలామంది అనుకుంటారు. అన్ని స్కేళ్ళలోనూ వాయించడానికి వీలుగా ఉండే శ్రుతి అన్నదే ఆ కాలపు అర్థం, దానికి పద్ధతులు ఒకటికి మించి ఉండేవి. నా పియానోలో వాటిలో ఒకటైన వెర్క్‌మైస్టర్ పద్ధతి ఉంది. దానిని పెట్టుకుని వాయిస్తే సి మేజర్ నిండుగా, ప్రశాంతంగా పలుకుతుంది, సి షార్ప్ మేజర్‌లో అంతరగాంధారం కాస్త పదునెక్కి గుచ్చుతుంది. డిజిటల్ వాద్యం ఉన్నవాళ్ళు ఈ మీట నొక్కి చూడండి. హార్ప్‌సికార్డ్ (పియానోకు ముందుకాలపు మెట్ల వాద్యం) ధ్వని కూడా వాడండి: అందులో మెట్టును ఎంత గట్టిగా నొక్కినా శబ్దం పెరగదు కాబట్టి, ఒక గొంతును వినిపించాలంటే స్వరాన్ని ఎంతసేపు పట్టుకోవాలి, ఎప్పుడు వదలాలి అన్నదొక్కటే ఉపాయం. నా వేళ్ళకు శుభ్రత వచ్చింది అక్కడే.

రచయిత జీవితం ఈ పుస్తకాన్ని వాడే తీరును మారుస్తుందని నేను మొదట్లో నమ్మలేదు. 1685లో ఐసెనాఖ్‌లో పుట్టి, పదేళ్ళకే తల్లినీ తండ్రినీ పోగొట్టుకుని అన్న ఇంట పెరిగిన ఈ మనిషి, యువకుడిగా బుక్స్‌టహూడె అనే విద్వాంసుడి ఆర్గన్ వాద్యం వినడానికి ఆర్న్‌ష్టాట్ నుంచి ల్యూబెక్ దాకా నాలుగు వందల కిలోమీటర్లకు పైగా నడిచి వెళ్ళాడు. నాలుగు వారాల సెలవు అడిగి దాదాపు నాలుగు నెలలు ఉండిపోయాడు. ఇవన్నీ అందరూ చెప్పేవే. నాకు పనికొచ్చింది వేరే సంగతి. ఈ ప్రెల్యూడ్‌లలో పదకొండింటి తొలి రూపాలు, పెద్ద కొడుకు విల్‌హెల్మ్ ఫ్రీడెమాన్‌కు తొమ్మిదేళ్ళ వయసులో 1720లో మొదలుపెట్టి ఇచ్చిన అభ్యాస పుస్తకంలో ఉన్నాయి. గెర్బర్ అనే శిష్యుడికైతే, పాఠం చెప్పే మనసు లేదన్న నెపంతో బాఖ్ ఈ భాగం మొత్తాన్ని మూడుసార్లు స్వయంగా వాయించి వినిపించాడని ఆ శిష్యుడి కొడుకు రాశాడు. అది చదివాక నా పద్ధతి మార్చుకున్నాను: వారంలో ఒక రోజు వాయించడం మానేసి, నొటేషన్ ముందు పెట్టుకుని మంచి రికార్డింగ్ వింటూ ఒక్కొక్క గొంతునే వేలితో అనుసరిస్తాను.

ఈ పుస్తకం 1801 దాకా పూర్తిగా అచ్చు కాలేదు. అంతవరకు చేతిరాత ప్రతుల ద్వారానే తిరిగింది. బాన్‌లో నేఫె అనే గురువు దగ్గర నేర్చుకుంటున్న పన్నెండేళ్ళ బీథోవెన్ దీనిలో చాలా భాగం వాయిస్తాడని 1783లో పత్రికలో వచ్చింది. 1950లో లైప్‌జిగ్‌లో బాఖ్ ద్విశతవర్ధంతి ఉత్సవాలకు వెళ్ళివచ్చిన రష్యా స్వరకర్త షోస్టకోవిచ్ తానూ 24 ప్రెల్యూడ్‌లు, ఫ్యూగ్‌లు రాశాడు.

పన్నెండేళ్ళ లెక్క చెప్పాలంటే, నాకు తొమ్మిది ప్రెల్యూడ్‌లు, నాలుగు ఫ్యూగ్‌లు వచ్చు. వాటిలో చూడకుండా వాయించగలిగినవి ఐదే. సి మేజర్ ఫ్యూగ్ కిందటేడు చివరి కొలత దాకా చేరింది. రెండో భాగం కూడా కొని రెండేళ్ళయింది. దాని ప్లాస్టిక్ కవరు ఇంకా విప్పలేదు.