కావేరి కాలువ గట్ల మీద రెండు రోజులు: శ్రీరంగపట్నం నుంచి తలకాడు దాకా

మారతహళ్ళిలోని మా అపార్ట్‌మెంటులో ఉండే తెలుగు కుటుంబాలన్నిటికీ శ్రీరంగపట్నం అలవాటైన ఊరు. స్వస్థలం నుంచి చుట్టాలు వచ్చిన ప్రతిసారీ ఉదయం రంగనాథస్వామి దర్శనం, మధ్యాహ్నం దరియా దౌలత్, సాయంత్రం బృందావన్ తోటలు అంటూ ఒకే రోజులో కారులో తిప్పి, రాత్రికి సొమ్మసిల్లి ఇల్లు చేరడం అందరికీ అనుభవమే. నేనూ అలా ఐదారుసార్లు వెళ్ళి ఉంటాను గాని, ఆ కోటకూ తోటకూ మధ్య కావేరి నీళ్ళు ఏ దారిన పోతున్నాయో ఒక్కసారైనా గమనించలేదు. డిసెంబరు మొదటి శని, ఆదివారాల్లో నేను, మా తోడల్లుడు, ఆఫీసు మిత్రులు ఇద్దరు కలిసి సైకిళ్ళ మీద తలకాడు దాకా వెళ్ళినప్పుడు ఆ లోటు తీరింది.

బెంగళూరు నుంచే తొక్కాలన్న ఉత్సాహం ఎవరికైనా ఉంటే మానుకోవడం మంచిది. 2023లో ప్రారంభమైన మైసూరు ఎక్స్‌ప్రెస్‌వే ప్రధాన మార్గం మీద ఆ ఏడాది ఆగస్టు 1 నుంచి ద్విచక్ర వాహనాలకూ, ఆటోలకూ, మోటారు లేని బండ్లకూ ప్రవేశం లేదు. సర్వీసు రోడ్డు మీద ఎదురుగా వచ్చే బైకులను తప్పించుకుంటూ వంద కిలోమీటర్లు పైగా తొక్కడం విహారం అనిపించుకోదు. రెండు కార్ల వెనుక ర్యాకులకు సైకిళ్ళు కట్టుకుని తెల్లవారుజామున నాలుగున్నరకు బయలుదేరి, ఏడు గంటల లోపే కోట చేరాం. దారి మారాక మద్దూరు ఊళ్ళోకి వెళ్ళే పని లేకపోవడంతో, అక్కడి పేరున్న వడ తినకుండానే వచ్చేశామని మా తోడల్లుడు రెండు రోజులూ సణుగుతూనే ఉన్నాడు.

శ్రీరంగపట్నం కావేరి రెండు పాయల మధ్య ఉన్న చిన్న దీవి కనుక సైకిలుకు సరిగ్గా సరిపోతుంది. పార్కింగు గొడవ లేకుండా గుడి, టిప్పు మరణించిన చోటు, చెరసాలలు, 2017లో రెండో రైలు మార్గం కోసం కూల్చకుండా మొత్తంగా పక్కకు జరిపిన టిప్పు ఆయుధాగారం, 1804లో పూర్ణయ్య దివానుగా ఉన్నప్పుడు రాతి స్తంభాల మీద కట్టిన వెల్లెస్లీ వంతెన, అన్నీ పదకొండు గంటల లోపే చూడగలిగాం. దరియా దౌలత్‌కు మాత్రం తీరిక కావాలి. 1784లో టిప్పు కట్టించిన ఈ టేకు మహలు పడమటి గోడ మీద, మైసూరు సేన ఆంగ్లేయులను ఓడించిన 1780 నాటి పొల్లిలూరు యుద్ధం చిత్రించి ఉంది. పల్లకిలో గాయపడి కూర్చున్న కర్నల్ బెయిలీ, పేలిపోతున్న మందుగుండు బండి, వాటికి కాస్త దూరంలో ఆలస్యంగా వచ్చిన హైదరాబాదు నిజాము సేన కనిపిస్తాయి. ఆ సేన దగ్గర గీసిన ఆవునూ పందినీ చూపించి, నిజామును వెక్కిరించడానికే వాటిని గీశారని గైడు చెప్పగానే, మాలో ఉన్న హైదరాబాదు మిత్రుడు అక్కడి నుంచి మెల్లగా జారుకున్నాడు. రంగనతిట్టు పక్షుల అభయారణ్యంలో పడవ కోసం గంటంబావు వరుసలో నిలబడ్డాం; మొసళ్ళు కనిపించాయి, పక్షులు తక్కువ. శనివారం మధ్యాహ్నం అక్కడికి వెళ్ళడం మా తప్పే.

దీవి దాటి అరకెరె వైపు మళ్ళిన తర్వాతే ఈ యాత్రలో అసలు భాగం మొదలైంది. కావేరికి ఎడమ వైపున పారే చిక్కదేవరాయ సాగర కాలువ మైసూరు పాలకుడు చిక్కదేవరాజ ఒడయరు పేరు మీద 17వ శతాబ్ది చివరి నుంచీ ఉన్నది. అంటే కృష్ణరాజ సాగర్ ఆనకట్ట కంటే రెండు శతాబ్దాలకు పైగా పాతది. రంగనతిట్టు దిబ్బలు కూడా 1645–48 మధ్య కంఠీరవ నరసరాజ ఒడయరు నదికి అడ్డంగా కట్టించిన ఆనకట్ట వల్ల ఏర్పడినవే. మోక్షగుండం నుంచి వచ్చిన కుటుంబమని మనం గర్వంగా చెప్పుకునే విశ్వేశ్వరయ్య గారి కృష్ణరాజ సాగర్ ఆనకట్టను చూసి వెళ్ళిపోయే మనకు, అంతకు ముందే ఇక్కడ నీళ్ళను మళ్ళించిన చేతులు ఎన్ని ఉన్నాయో కాలువ గట్టు మీద పోతేనే తెలుస్తుంది. ఒక వైపు నీళ్ళు, మరో వైపు చెరకు, వరి, మధ్యలో ఒక ట్రాక్టరు పట్టేంత మట్టి దారి. ఎత్తుపల్లాలు దాదాపు లేవు. కాలువ ఎంత వాలుతో పోతుందో మనమూ అంతే వాలుతో పోతాం.

దారి అడిగితే ఒక పెద్దాయన "నాలె మేలే హోగి" అన్నారు. కన్నడంలో నాలె అంటే కాలువ, నాళె అంటే రేపు. ఆ తేడా చెవికి పట్టని మా తోడల్లుడు "ఈ రోజు వెళ్ళకూడదా బాబాయ్?" అని తెలుగులో కంగారు పడ్డాడు. ఆయన నవ్వి, దారి చూపించడానికి అర కిలోమీటరు తన సైకిలు మీద మా ముందు నడిచారు.

ఆ దారిలోనే చెరకు రసం కాగుతున్న వాసన వచ్చి ఒక బెల్లం బట్టీ దగ్గర ఆగాం. ఇక్కడ దానిని ఆలెమనె అంటారు. ఎండిన చెరకు పిప్పిని పొయ్యిలోకి ఎగదోస్తూ ఒకరు, పెనం మీద తేలే మురికి నురుగును పొడవాటి గరిటెతో తీసేస్తూ ఒకరు, పాకం ముదిరిందో లేదో చూడడానికి చిటికెడు పాకాన్ని నీళ్ళలో వేసి వేళ్ళతో ఉండ చేస్తూ ఒకరు. మాతో ఉన్న అనకాపల్లి మిత్రుడు ఆ ఉండను తీసుకుని గిన్నె అంచుకు కొట్టి, టంగుమని మోగాకే దించాలని వాళ్ళ నాన్న చెప్పేవారని గుర్తు చేసుకున్నాడు. వేడి బెల్లం మాకు మోదుగాకులో పెట్టారు, డబ్బులు తీసుకోలేదు.

గట్టు దారుల విషయంలో ఒక హెచ్చరిక తప్పదు. చాలా చోట్ల కాలువకు అడ్డు గోడ లేదు. 2018 నవంబరులో ఇదే మండ్య జిల్లాలో విశ్వేశ్వరయ్య కాలువలో బస్సు పడి 30 మంది చనిపోయారు. చీకటి పడ్డాక అక్కడ తొక్కవద్దు. ఊళ్ళ దగ్గర తారు రోడ్డు మీద ఉలవ చెట్లు పరిచి, వాటి మీద బండ్లు పోతే గింజలు రాలేలా చూస్తారు; వాటి తీగలు మా గేర్లలో చిక్కుకుని రెండుసార్లు దిగవలసి వచ్చింది. బెంగళూరులో రోజుకు 500 రూపాయలకు అద్దెకు తెచ్చిన రెండు సైకిళ్ళలో ఒకదానికి బ్రేకు రబ్బర్లు అరిగిపోయి ఉన్నాయని మొదటి వాలులోనే తెలిసింది. బన్నూరు సమీపంలో తుమ్మ ముల్లు దిగి ట్యూబు పోతే, అక్కడి సైకిలు షాపులో మా సన్నటి చక్రాలకు సరిపోయే ట్యూబు లేదు, మా వాల్వుకు పంపు పట్టలేదు. షాపు అబ్బాయే ప్యాచి వేసి, మా దగ్గరున్న చేతి పంపుతో గాలి కొట్టి పంపాడు. ట్యూబులు, పంపు వెంట ఉండాలి.

ఆ రాత్రి బస చేసిన హోంస్టే గురించి మంచి మాట చెప్పలేను. ఫోటోలో నది ఎదురుగా ఉన్నట్టు కనిపించింది. తీరా చూస్తే నది అర కిలోమీటరు అవతల. సైకిళ్ళకు లోపల చోటు ఇస్తామన్నవారు చెట్టు కింద పెట్టమన్నారు, పొద్దుటికి గొలుసుల మీద మంచు నీళ్ళు. వేడి నీళ్ళు ఒక బకెట్టుకు మించి రాలేదు. భోజనం మాత్రం తృప్తిగా ఉంది: మటన్ సారు, రాగి ముద్దె. సీమ సంకటిలో అన్నం మెతుకులు తగులుతాయి, ఇక్కడ ఒట్టి రాగి పిండే, నమలకుండా మింగాలి. మళ్ళీ వెళ్తే శ్రీరంగపట్నంలోనే, కావేరి ఒడ్డున ఉన్న కర్ణాటక ప్రభుత్వ పర్యాటక అభివృద్ధి సంస్థ వారి మయూర రివర్ వ్యూలో బస చేసి, బరువు అక్కడే వదిలి తిరగాలని అనుకున్నాం.

ఆదివారం గేటు తెరిచే వేళకే సోమనాథపురం చేరడం మా అదృష్టం. హొయసల రాజు మూడవ నరసింహుని సేనాని సోమనాథుడు 1258లో ప్రతిష్ఠించిన ఈ కేశవాలయాన్ని బేలూరు, హళేబీడులతో పాటు 2023లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. పూజ లేని గుడి కనుక ఎవరూ తొందర పెట్టరు. నక్షత్రాకారపు అరుగు మీద చుట్టూ నడుస్తూ ఉంటే కింది వరుసలో ఏనుగులు, దాని పైన గుర్రపు రౌతులు, ఆపైన పురాణ కథలు, అన్నీ నడుము ఎత్తులోనే ఉండడంతో మెడ నొప్పి లేకుండా చదువుకోవచ్చు. శిల్పుల్లో మల్లితమ్మ తన పేరు చెక్కుకున్నాడు. లోపలి కప్పుల్లో అరటి పువ్వు ముడుచుకున్నట్టు చెక్కినది ఒకటి ఉంది. దాని కింద నేల మీద వెల్లకిలా పడుకుని చూస్తున్న మా తోడల్లుణ్ణి కాపలాదారు లేపవలసి వచ్చింది. రెండు గంటలు సరిపోలేదు.

కపిల, కావేరి కలిసే తిరుమకూడలు నరసీపురంలో ఇడ్లీ తిని, తలకాడుకు మరో గంటన్నర తొక్కాం. చోళులపై విజయానికి గుర్తుగా 1117లో విష్ణువర్ధనుడు కట్టించిన కీర్తినారాయణాలయం, పంచలింగాలనే ఐదు శివాలయాలు, అలమేలమ్మ శాపం వల్ల ఏర్పడ్డాయని చెప్పుకునే ఇసుక మేటలు, ఇవన్నీ చూడవలసినవే. అయితే ఇసుకలో సైకిలు నడవదు. చెప్పులు విప్పి, సైకిళ్ళకు తాళం వేసి కాలినడకన తిరగాలి, అదీ ఎండెక్కక ముందే. మేము చేరేసరికి పన్నెండున్నర అయింది. రెండు గుళ్ళు చూశాక అరికాళ్ళు కాలిపోయి, మిగిలినవి వదిలేసి నీడన కూర్చున్నాం. తిరుగు దారికి ఓపిక లేక, ఒక గూడ్స్ ఆటోతో బేరమాడి 1,800 రూపాయలకు సైకిళ్ళనూ మమ్మల్నీ కలిపి శ్రీరంగపట్నంలో కార్ల దగ్గర దింపించుకున్నాం. చీకటి పడుతున్నా ఈసారి ఎక్స్‌ప్రెస్‌వే దిగి మద్దూరులోకి వెళ్ళాం.