థర్మకోల్ కోసే తీగ: నైక్రోమా, కాంథాలా?

కరెంటుతో వేడెక్కి థర్మకోల్‌ని కోసే కట్టర్ తీగ కోసం బెంగళూరు ఎస్పీ రోడ్డు ఎలక్ట్రానిక్స్ బజారుకి వెళ్తే జేబులో చిన్న అయస్కాంతం వేసుకోండి. ఈ రెండింట్లో అతుక్కునేది ఇనుము ఎక్కువున్న కాంథాల్. అతుక్కోనిది నికెల్, క్రోమియం కలిసిన నైక్రోమ్.

కొత్తవాళ్లకి నైక్రోమే మేలు. 0.32 మి.మీ. తీగ 30 సెం.మీ.కి సుమారు 4 ఓమ్‌లు. 6 వోల్టులిస్తే ఒకటిన్నర ఆంపియర్ లాగుతుంది. ఎర్రబడకుండానే థర్మకోల్ వెన్నలా తెగుతుంది. అదే కొలత కాంథాల్ దాదాపు 5.4 ఓమ్‌లు, అంతే వేడికి 7 వోల్టులు కావాలి. ఎక్కువ వేడికి కాంథాలే ఓర్చుకుంటుంది, నిజమే. కానీ ఒకసారి ఎర్రగా కాలాక పెళుసెక్కుతుంది, మళ్లీ వంచబోతే పుటుక్కున తెగుతుంది.

మామూలు సోల్డర్ రెండింటికీ సరిగా పట్టదు, స్క్రూతో బిగించండి. వేడికి తీగ సాగి జారితే కోత వంకరపోతుంది. ఓ కొసన స్ప్రింగ్ పెట్టాల్సిందే. కోసేటప్పుడు కిటికీ తెరిచే ఉంచండి, ఆ పొగ మంచిది కాదు.