టోక్యో నిహోంబాషి: మిత్సుకోషి, తకాషిమాయా రెండిట్లో ఏది చూడాలి?

టోక్యోలో షాపింగ్ అనగానే అందరూ గింజా, షిబుయా అంటారు గానీ పాతకాలం డిపార్ట్‌మెంట్ స్టోర్ ఎలా ఉంటుందో చూడాలంటే నిహోంబాషి వెళ్ళాల్సిందే. మిత్సుకోషి, తకాషిమాయా రెండూ అక్కడే, ఒకదాని నుంచి ఇంకోదానికి నడిచే పోవచ్చు. ఇండియన్లు ఎక్కువగా ఉండే నిషి-కసాయిలో మనవాళ్ళ ఇంట్లో దిగితే మరీ సులువు, తోజాయి మెట్రో లైన్ ఎక్కితే ట్రైన్ మారకుండా నిహోంబాషిలో దిగొచ్చు.

నా ఓటు మిత్సుకోషికే. పదింటికి తెరిచే టైముకి చేరుకోండి, కౌంటర్ల దగ్గర స్టాఫ్ అంతా నిలబడి వంగి నమస్కారం పెడుతుంటారు, ఏమీ కొనని మనకి కూడా అదే మర్యాద, కాస్త మొహమాటంగానే ఉంటుంది. గుమ్మం దగ్గర 1914 నాటి కంచు సింహాలు, లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్ సింహాల్ని చూసి చేయించినవి. లోపల సెంట్రల్ హాల్లో దాదాపు 11 మీటర్ల దేవకన్య విగ్రహం, రంగులూ నగిషీలూ చూస్తే చెక్కతో చేసిందంటే నమ్మబుద్ధి కాదు. కొంతమందికి మరీ ఆర్భాటంగా అనిపించొచ్చు, నాకైతే తెగ నచ్చేసింది. శుక్ర, శని, ఆదివారాల్లో వెళ్తే 1930 నాటి పైప్ ఆర్గాన్ వాయిస్తారు, టైమింగ్స్ ముందే చూసుకోండి. ఇంకోటి, పాలరాతి గోడల్లో, మెట్ల దగ్గర నత్తగుల్లల్లా చుట్టలు చుట్టుకున్న అమ్మోనైట్ అనే పురాతన సముద్రజీవుల శిలాజాలు ఉన్నాయి, వాటి పక్కనుంచే జనం హ్యాండ్‌బ్యాగులు చూసుకుంటూ పోతుంటారు.

దీని కథ 1673లో ఎచిగోయా అనే బట్టల కొట్టుతో మొదలైంది. అప్పట్లో ధనవంతుల ఇళ్ళకి సరుకు పట్టుకెళ్ళి అరువుకి అమ్మడం, బేరాలాడ్డం మామూలు. ఈ కొట్టు పెట్టిన మిత్సుయి తకతోషి మాత్రం కొట్లోనే, నగదుకే, ఒకటే రేటుకి అమ్మాడు, పైగా గుడ్డ తాను మొత్తం కొనక్కర్లేకుండా కావలసినంత కత్తిరించి ఇచ్చాడు. ఒకటే రేటుకి అమ్మడంతో మొదలైన కొట్టు కాబట్టి బేరం మాట ఎత్తకండి. టాక్స్ ఫ్రీ ఉంది, పాస్‌పోర్ట్ ఒరిజినల్ చేతిలో ఉండాలి, రూల్స్ మారుతుంటాయి కాబట్టి కౌంటర్లో అడిగాకే బిల్లు వేయించండి.

తకాషిమాయా బిల్డింగ్ 1933ది, డిపార్ట్‌మెంట్ స్టోర్లలో ముందుగా 2009లో జాతీయ వారసత్వ గుర్తింపు తెచ్చుకుంది ఇదే, మిత్సుకోషికి 2016లో గానీ రాలేదు. ఇక్కడ చూడాల్సింది పాత లిఫ్టులు. టోపీ, గ్లవ్స్ వేసుకున్న అమ్మాయి ఫ్లోరు పేరు చెప్పి, తలుపుకి చెయ్యి అడ్డం పెట్టి, అందరూ దిగేదాకా ఆగుతుంది. లిఫ్టు కోసం వెయిటింగ్ ఉంటుంది, తొందరైతే ఎస్కలేటర్ చూసుకోండి. ఓపిక లేనివాళ్ళు ఈ స్టోర్ వదిలేసినా పర్లేదు.

తిండి సంగతికొస్తే, బేస్‌మెంట్ ఫుడ్ హాల్ కంటికి పండగే గానీ వెజిటేరియన్లకి కష్టమే, కూరగాయల డబ్బా అనుకున్నదాంట్లో కూడా చేప రసం ఉండొచ్చు. యోకాన్ అనే స్వీట్ మాత్రం సేఫ్, మామూలు రకంలో ఎర్ర అజుకి గింజలు, చక్కెర, మనం చైనా గ్రాస్ అనే అగర్, అంతే. కొన్నది చిన్న డబ్బానే అయినా, కౌంటర్లో ఆవిడ కాగితం మీద ఏటవాలుగా పెట్టి గిరగిరా తిప్పి, ముడత లేకుండా చుట్టేసి చిన్న టేపు ముక్క అంటించింది. అమ్మకి గిఫ్ట్ అదే తీసుకున్నా, ఆ చుట్టిన కాగితం విప్పడానికి అమ్మ ఒప్పుకోలేదు. అదే బేస్‌మెంట్‌లో కొన్ని కౌంటర్లలో మూసే టైముకి రేట్లు తగ్గిస్తారు.

రెండు స్టోర్ల మధ్య నడిచేటప్పుడు 1911 నాటి నిహోంబాషి రాతి వంతెన వస్తుంది, జపాన్ రోడ్లకి సున్నా కిలోమీటర్ గుర్తు దానిమీదే. నెత్తిన ఎక్స్‌ప్రెస్‌వే ఉండటంతో ఫోటో సరిగ్గా రాదు.

బస ఆ చుట్టుపక్కల బిజినెస్ హోటల్లో చేశాం, శుభ్రంగా ఉంది గానీ రెండు సూట్‌కేసులు ఒకేసారి తెరిచే చోటు లేదు. ఫ్యామిలీతో వెళ్తే నిషి-కసాయి వైపు చూసుకోండి, ఇండియన్ సరుకుల కొట్లు కూడా దగ్గర్లోనే ఉంటాయి.