పాత ఆప్టిమస్ ప్రైమ్‌కు పోయిన పిడికిలి: డోనర్ బొమ్మ మేలా, త్రీడీ ప్రింట్ మేలా?

1984లో హాస్‌బ్రో కంపెనీ అమెరికాలో ట్రాన్స్‌ఫార్మర్స్ బొమ్మల్లో ఒకటిగా అమ్మిన ఆప్టిమస్ ప్రైమ్ అసలు పుట్టింది జపాన్‌లో. టకారా కంపెనీ అంతకు ముందు ఏడాది డయాక్లోన్ అనే బొమ్మల వరుసలో 'బ్యాటిల్ కాన్వాయ్' పేరుతో తెచ్చిన లారీ రోబో అది. లారీని రోబోగా మార్చాక రెండు నీలం పిడికిళ్లను చేతులకు విడిగా గుచ్చాలి. మళ్లీ లారీ చేసేటప్పుడు పీకి పక్కన పెట్టాలి. పిల్లలు పక్కన పెట్టిన వస్తువు నలభై ఏళ్లు పక్కనే ఉండదు కదా. అందుకే పాత ఆప్టిమస్ ఎక్కడ కనబడినా నేను ముందు చూసేది చేతుల వైపే.

మా మేనమామ అమెరికా నుంచి తెచ్చిన బొమ్మ నా దగ్గర ఉంది. ఎడమ పిడికిలి లేదు. ఒక పొగ గొట్టం విరిగింది. బంపర్ మీద క్రోమ్ సగం లేచిపోయింది. దాన్ని బాగు చేయడానికి సామాను వెతుకుతూ మూడు దారులూ తొక్కాను. ఏది ఎక్కడ పనికొచ్చిందో రాస్తున్నాను.

మొదటి దారి డోనర్ బొమ్మ. అంటే ఇంకో పాడైన బొమ్మ కొని, అందులోంచి భాగం తీసుకోవడం. జపాన్ వేలం సైట్లలో 'జంక్' అని రాసి అమ్మే బొమ్మలు దీనికి బాగా పనికొస్తాయి. జంక్ అంటే చెత్త అనుకోవద్దు. పనిచేస్తుందని మాట ఇవ్వం, ఉన్నది ఉన్నట్టు తీసుకోండి అని దాని అర్థం. యాహూ జపాన్ వేలంలో మనం నేరుగా కొనడం కష్టం, బయీ, జెన్‌మార్కెట్ లాంటి మధ్యవర్తి సైట్లు కొని పంపిస్తాయి. టోక్యో వెళ్లేవాళ్లు ఎవరైనా తెలిస్తే నకానో బ్రాడ్‌వేలో పాత బొమ్మలు అమ్మే మందరాకే దుకాణాలు ఒకసారి చూడమనండి. ప్లాస్టిక్ అదే, రంగు అదే, కొలత అదే. చేతికి గుచ్చితే 'టక్' మని కూర్చుంటుంది. దీనికి సాటి వచ్చేది ఇంకోటి లేదు.

కానీ ఖర్చు చూడండి. వేలం ధర, మధ్యవర్తి కమీషన్, షిప్పింగ్, పైన కస్టమ్స్ సుంకం. ఒక్క పిడికిలి కోసం ఇంత పెట్టాలా అనిపిస్తుంది. డబ్బు కంటే నన్ను ఎక్కువ బాధపెట్టే విషయం ఇంకోటి ఉంది. కొందరు దాదాపు పూర్తిగా ఉన్న బొమ్మను విప్పి, భాగాలుగా అమ్మేస్తారు. ఒకదాన్ని బతికించడానికి బాగున్న ఇంకోదాన్ని చంపడం నాకు అస్సలు ఇష్టం లేదు. డోనర్‌గా కొనేది కాళ్లు విరిగినదో, ఎండకు పూర్తిగా మాడినదో అయి ఉండాలి.

ఇక్కడ మధ్యేమార్గం ఒకటి ఉంది. కంపెనీలే తర్వాత మళ్లీ విడుదల చేసిన బొమ్మలు. 2002లో అమెరికాలో టాయ్స్ ఆర్ అస్ దుకాణాల కోసం వచ్చిన కమెమరేటివ్ ఆప్టిమస్ అలాంటిదే. పిడికిలికి అది నిక్షేపంలా పనికొస్తుంది. పొగ గొట్టానికి మాత్రం పనికిరాదు, ఎందుకంటే పిల్లల భద్రతా నిబంధనల వల్ల దాని గొట్టాలు పొట్టిగా చేశారు. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి పెట్టుకుంటే బొమ్మ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. నకిలీ బొమ్మలు ఇంకా చవక. కొలత దగ్గరగానే ఉంటుంది కానీ నీలం రంగు కలవదు, గుచ్చే కాడ వదులో బిగువో అవుతుంది. బిగువుగా ఉన్నదాన్ని బలవంతంగా తోస్తే పాత చెయ్యి చీలుతుంది.

రెండో దారి త్రీడీ ప్రింట్. ఇప్పుడు హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో ఫైలు పంపితే ప్రింట్ చేసి ఇచ్చేవాళ్లు ఉన్నారు. వాళ్లను అడగాల్సిన మొదటి ప్రశ్న ఏ మెషిన్ అని. ప్లాస్టిక్ తీగ కరిగించి పొరలు పేర్చే మెషిన్‌లో పొర మందం సాధారణంగా 0.2 మిల్లీమీటర్లు. పిడికిలి లాంటి చిన్న భాగం మీద గీతలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. పైగా తీగ పీఎల్ఏ అనే రకం ప్లాస్టిక్ అయితే 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. మే నెలలో తలుపులు మూసిన కారులో బొమ్మ మర్చిపోతే అది వంగిపోవడం ఖాయం. ద్రవ రెజిన్‌ను వెలుగుతో గట్టిపరిచే రెజిన్ మెషిన్‌లో పొర 0.05 వరకు వస్తుంది, వేళ్ల మధ్య సందులు కూడా శుభ్రంగా పడతాయి. అయితే మామూలు రెజిన్ పెళుసు, వెలుగు తగిలే కొద్దీ ఇంకా పెళుసెక్కుతుంది. ఏబీఎస్ అనే గట్టి ప్లాస్టిక్ లాంటి గుణమున్న రెజిన్ అని విడిగా దొరుకుతుంది, అదే అడగండి.

నా మొదటి రెజిన్ పిడికిలి కాడ చేతి లోపలే విరిగింది. ఆ ముక్క బయటికి తీయడానికి ఒక రాత్రంతా టెన్షన్ పడ్డాను. సన్నటి డ్రిల్ బిట్‌ను చేత్తోనే తిప్పుతూ, అసలు ప్లాస్టిక్‌కు తగలకుండా తీయాల్సి వచ్చింది. అప్పటి నుంచి ముందు వెర్నియర్‌తో రంధ్రం కొలిచి, కాడను కాస్త లావుగానే ప్రింట్ చేయించి, వాటర్ పేపర్‌తో నెమ్మదిగా అరగదీస్తున్నాను. వేలితో తోస్తే దిగాలి, అంతకు మించి బలం పెట్టకూడదు.

మూడో దారి అచ్చు. కుడి పిడికిలి ఉంది కదా, దాన్ని సిలికాన్‌లో ముంచి అచ్చు తీసి రెజిన్ పోస్తే సరిపోతుంది అనుకుంటాం. ఎడమ చేతికి కుడి పిడికిలి సరిపోదు. ఎడమ పిడికిలి ఉన్న స్నేహితుడు ఒక రోజు అరువిస్తేనే ఈ దారి. ఇంకో చిక్కు, మన దగ్గర క్రాఫ్ట్ షాపుల్లో ఎక్కువగా దొరికేది ఎపాక్సీ రెజిన్. అది గట్టిపడటానికి ఒక రోజు పడుతుంది, బుడగలు బాగా నిలిచిపోతాయి. నిమిషాల్లో గట్టిపడే పాలీయురెథేన్ రెజిన్ ఆన్‌లైన్‌లో వెతకాలి. పోసిన భాగం అసలుకంటే ఒక వెంట్రుక వాసి చిన్నదిగా వస్తుంది కాబట్టి కాడ వదులవుతుంది. ఒకే భాగం పది కావాలంటే అచ్చు, ఒక్కటే కావాలంటే ప్రింట్. నేను అచ్చు మానేశాను.

కాబట్టి నా తీర్పు ఇది. బరువు మోసే భాగం, మడత దగ్గర తిరిగే భాగం, బిగువుగా గుచ్చి పీకే భాగం అయితే డోనర్ కోసం ఆగండి, ఏడాది పట్టినా సరే. చేతిలో పట్టుకునే తుపాకీ, వీపు మీద తగిలించే సామాను లాంటివి రెజిన్ ప్రింట్ చాలు.

విరిగినది అతికించడంలో ఒక తప్పు చేయకండి. ఫెవిక్విక్ వేస్తే అతుకుతుంది, కానీ చుట్టూ తెల్లటి పొగ మచ్చ పడుతుంది, క్రోమ్ మీద, పారదర్శక కిటికీల మీద మరీ ఘోరంగా. ఈ బొమ్మల్లో ఏబీఎస్ ఎక్కువ, ఏబీఎస్ అసిటోన్‌లో కరుగుతుంది. లెగో ఇటుకలూ ఏబీఎస్‌వే. రంగు కలిసే లెగో ముక్కను గీరి, ఆ పొడిని అసిటోన్‌లో నానబెడితే చిక్కటి పేస్టు అవుతుంది. అది అతుకుతుంది, పగులు పూడుస్తుంది, రంగూ కలుస్తుంది. నెయిల్ పాలిష్ రిమూవర్‌లో నూనెలు కలుస్తాయి, కాబట్టి శుద్ధమైన అసిటోనే తెచ్చుకోండి. ఎం-సీల్ గట్టిదే, కానీ పైన రంగు వేయాల్సిందే. పైకి కనబడని లోపలి భాగాలకు మాత్రం దానికి తిరుగులేదు.

స్టిక్కర్లకు అమెరికాలో టాయ్‌హ్యాక్స్ వాళ్లు కత్తిరించిన పూర్తి సెట్లు అమ్ముతారు, సన్నటి గీతలు కూడా ఖచ్చితంగా ఉంటాయి. లేదంటే మన ఊరి రేడియం స్టిక్కర్ షాపు. బైకులకు నంబర్లు కోసే ఆ మెషిన్ మన ఫైలునూ కోస్తుంది. చారలు, ఒకే రంగు గుర్తులకు రేడియం షాపు చాలు, ఖర్చు చాలా తక్కువ. చిన్న అక్షరాలు, వెండి రంగు మీద ముద్ర ఉన్నవి మాత్రం అక్కడ రావు. 1985 నుంచి వచ్చిన బొమ్మల మీద వేలితో రుద్దితే వేడికి గుర్తు కనిపించే స్టిక్కర్ ఉంటుంది, అది అసలుదైతే పీకొద్దు.

క్రోమ్ గురించి రెండు మాటలే. అది ప్లాస్టిక్ మీద శూన్యంలో పట్టించిన అల్యూమినియం పలుచటి పొర, బైక్ హెడ్‌లైట్ రిఫ్లెక్టర్ మీద ఉండేదే. స్పిరిట్, టూత్‌పేస్ట్ పెట్టి రుద్దితే ఉన్నది కూడా పోతుంది. చిన్న మచ్చకు క్రోమ్ మార్కర్ చాలు, మొత్తం పోతే డోనర్ బంపరే.

పసుపెక్కిన తెల్ల, బూడిద రంగు భాగాలకు మందుల షాపులో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్, మన ఎండ, రెండూ కలిస్తే పని అవుతుంది. చేతి తొడుగులు వేసుకోండి. ముందు స్క్రూలు, స్టిక్కర్లు తీసేయండి, గంటకోసారి తిప్పండి, లేకపోతే మచ్చలు పడతాయి. ఎరుపు, నీలం భాగాలు అందులో వేయొద్దు, రంగు వెలిసిపోతుంది. కొన్నేళ్లకు పసుపు మళ్లీ వస్తుందని తెలిసే చేయండి. రంగు వేస్తే ఆ బాధ ఉండదు, కానీ మడిచినప్పుడల్లా అంచులు రాలుతాయి.

కస్టమ్ చేయాలని, నలుపు ఆప్టిమస్ కావాలని ఉంటే నకిలీ బొమ్మనో, చేతులు రెండూ పోయినదాన్నో తీసుకోండి. మా మేనమామ బొమ్మకు నేను రంగు వేయలేదు. ఇప్పుడు దాని ఎడమ చేతికి ఉన్నది రెజిన్ పిడికిలే. డోనర్ కోసం ఇంకా చూస్తున్నాను. ఈలోగా రేపు ఎవరి చేతికి వెళ్లినా అసలుది అనుకోకుండా, కాడ అడుగున తెల్ల పెయింట్‌తో చిన్న చుక్క పెట్టాను.