కొత్త వేదికలో నాకు నచ్చింది దాని చిట్టా: పర్లాకిమిడి కళాశాలలో ఉబుంటు

విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2020 జనవరి 14తో ముగిసిన తర్వాత, విండోస్ 10 భారాన్ని మోయలేని మా కళాశాల పాత కంప్యూటర్లలో లైనక్స్ ఆధారిత ఆపరేటింగ్ సిస్టమ్ ఉబుంటు 20.04 వేయించాలని యాజమాన్యం నిర్ణయించింది. అప్పటిదాకా విండోస్ తప్ప మరొకటి ఎరుగని నాకు వాటి నిర్వహణ అప్పగించారు. అది ఉచితమనీ, పాత యంత్రాల మీద కూడా నడుస్తుందనీ అందరికీ తెలిసిందే కనుక ఆ వివరాల జోలికి పోను. ఇన్నేళ్ల వాడకంలో నన్ను కట్టిపడేసింది దాని జర్నల్. యంత్రం లేచింది మొదలు లోపల జరిగే సంగతులను సమయంతో సహా రాసిపెట్టుకునే చిట్టా అది.

ప్రవేశాల రోజుల్లో ఒక ఉదయం కరెంటు పోయి వచ్చాక ప్రవేశాల విభాగంలోని కంప్యూటరు తెరుచుకోలేదు. ఏదో డిస్కు కోసం ఎదురుచూస్తున్నట్టు తెర మీద ఒక వరుస కనిపించి, దాని పక్కన నిమిషం ముప్పై సెకన్ల గడువు కదిలి, చివరికి ‘ఎమర్జెన్సీ మోడ్’ అని వచ్చి ఆగింది. పాతపట్నం నుంచి, గుణుపురం నుంచి వచ్చిన తల్లిదండ్రులు ధ్రువపత్రాలతో వరండాలో నిలబడి ఉన్నారు. కరెంటు దెబ్బకు హార్డ్ డిస్కు పోయిందని గుమాస్తాగారు అప్పటికే తేల్చేశారు. విండోస్‌లోనూ ఇలాంటి చిట్టాను చూపే ఈవెంట్ వ్యూయర్ ఉంది కానీ, యంత్రమే లేవనప్పుడు దాన్ని తెరవడం అంత సులువు కాదు.

ఇక్కడ ఏ ఆదేశం ఇవ్వాలో ఆ తెరే చెప్పింది. ఎంటర్ నొక్కి, అది సూచించిన, జర్నల్‌ను తెరిచి చూపే జర్నల్‌సీటీఎల్ ఆదేశం ఇచ్చి కిందికి జరుపుతూ పోగా, తెల్లని వరుసల మధ్య ఎర్రని వరుస ఒకటి తగిలింది: ఫలానా డిస్కు కోసం చూసి చూసి గడువు దాటిపోయింది. ఆ డిస్కు రానందున బ్యాకప్ ఫోల్డరు జతపడలేదనీ, అది జతపడనందున ఫైల్ వ్యవస్థలను సిద్ధం చేసే దశ మొత్తం విఫలమైందనీ దాని కింద వరుసగా రాసి ఉంది. యంత్రం తన బాధను తానే ఇంత స్పష్టంగా చెప్పుకోవడం నా ఉద్యోగ జీవితంలో అంతకుముందు చూడలేదు.

బ్యాకప్ కోసం తగిలించిన బయటి డిస్కును అంతకుముందే మరో గదికి తీసుకెళ్లారు. ఆ తర్వాత యంత్రాన్ని ఆపిందే లేదు కనుక ఎవరికీ తెలియలేదు. కరెంటు చేసిందల్లా యంత్రాన్ని ఆపడమే. డిస్కు లేకపోయినా ముందుకు సాగమని చెప్పే ‘నోఫెయిల్’ అన్న మాటను, యంత్రాన్ని అమర్చిన సరఫరాదారు, లేచేటప్పుడు జతచేయాల్సిన డిస్కుల జాబితా ఉండే ఎఫ్‌స్టాబ్ ఫైలులో చేర్చలేదు. ఆ ఒక్క మాట చేర్చి తిరిగి ఆన్ చేయగానే యంత్రం లేచింది, ప్రవేశాలు సాగాయి.

అప్పట్లో ఈ చిట్టా ఏదీ దాచదని చెబుతూ వచ్చాను. మా ఊరి కరెంటుతో మరికొంత కాలం గడిపాక ఆ మాటను కాస్త సవరించుకోవాల్సి వస్తోంది. అతి తీవ్రమైన సందేశాలు తప్ప మిగతావాటిని జర్నల్ మామూలు అమరికలో ఐదు నిమిషాలకోసారి మాత్రమే డిస్కు మీద ఖాయం చేస్తుంది. యూపీఎస్ బ్యాటరీ దిగిపోయిన యంత్రంలో కరెంటు పోతే, మనకు కావలసిన ఆ చివరి నిమిషాలే అందులో ఉండకపోవచ్చు. ఆ వ్యవధిని తగ్గించవచ్చు కానీ, నీరసించిన పాత డిస్కుల మీద రాతల భారం పెంచడం నాకు ఇష్టం లేక కొన్నింటికే తగ్గించాను. పైగా వరుసలన్నీ ఇంగ్లీషులో ఉంటాయి. సాయంత్రం విధుల్లో ఉండే ఒడియా కుర్రవాడు ఫోనులో ఫోటో తీసి పంపితే, ఏం చేయాలో నేను చెప్పాల్సి వస్తోంది.

విండోస్ 10కు కూడా మద్దతు 2025 అక్టోబరు 14తో ముగియడంతో, మారిపోవచ్చా అని చుట్టుపక్కల కార్యాలయాల వారు నన్ను అడుగుతున్నారు. మా ప్రవేశాల విభాగం పని, గ్రంథాలయం పని దాదాపు బ్రౌజరులోనే జరుగుతుంది కనుక ఆ యంత్రాలను తిరిగి విండోస్‌కు మార్చమంటే నేను ఒప్పుకోను. టాలీ నడిచే లెక్కల విభాగాన్ని మాత్రం మేమూ విండోస్‌లోనే ఉంచాం. యూనికోడ్ కాని పాత ఒడియా ఫాంట్లలో ఏళ్ల తరబడి పత్రాలు పేరుకున్న కార్యాలయమైతే, ముందు ఒక్క యంత్రంలో వేసి, ఆ పత్రాలు సరిగా తెరుచుకుంటున్నాయో లేదో చూసుకున్నాకే మిగతావాటి సంగతి ఆలోచించమంటున్నాను.